పేపర్ల పడ్డ కేసు

జనవరి 1, 1939. ఐతారం

బుడ్డమ్మా,

కొత్త యేడు వచ్చిందట బిడ్డా. యోహాను అయ్యగారు పొద్దుగాల వచ్చి ప్రార్థన చేసి పోయిండు. నువ్వు పోయి ఇయ్యాలకు నాలుగు దినాలు.

గీ బుక్కు నీకు యాదుంది గదా. మీ అన్న పోయినసారి పట్నం నుంచి వచ్చినప్పుడు తెచ్చిండు. వాళ్ల అచ్చాఫీసుల కత్తిరించంగ మిగిలిన కాయితాలు పేర్చి దారంతోని కుట్టిండు. "అమ్మా, దినాం నాలుగు వరుసలు రాయి, చెయ్యి తిరుగుతది" అన్నడు. నువ్వు ఎర్ర పెన్సిల్ పట్టుకొని దిద్దేదానివి. మొదటి రెండు కాయితాల మీద నీ ఎర్ర గీతలే ఉన్నయి. "మల్ల ఒత్తు మరిచినవ్ అమ్మా, నీకు ఒత్తులంటే పగనా?" అని నవ్వేదానివి. ఆ రెండు కాయితాలు తిప్పి ఈడ మొదలు పెట్టిన. ఇగ దిద్దేటోళ్లు లేరు. తప్పులుంటే ఉండనీ. ఎవరు చదువుతరు.

రోగానికి జడిసి పేట పేటంత ఊరు ఇడిసి కోసిన జొన్నచేన్లల్ల గుడిసెలు ఏసుకున్నం. నాలుగు కట్టెలు, మీద చొప్ప. ఆఖరుది నాది. నా పక్కపొంటి బండి తోలే లచ్చయ్యది, ఆయిన పెండ్లాం గోపమ్మది. రెండు గుడిసెలకు నడుమ ఒక్కటే పొయ్యి.

మీ నాయిన పోయినప్పుడు నువ్వు నా ఒడిల ఉంటివి. అప్పుడు ఏడ్సేటందుకు నాకు ఒక ఆసరా ఉండె.

జనవరి 2. సోమారం

గోపమ్మ అంబలి తెచ్చింది. తాగిన. ఎట్ల తాగిన్నో.

జనవరి 4. బుధారం

నిన్న ముసలి మైసమ్మ పోయింది. ఆమెకు గజ్జల గడ్డ లేసింది. నీకు చంకల లేసినట్టే.

దవాఖానోళ్లు వచ్చిన్రు. మన ఇంటి కప్పు పీకిన్రు. లోపల ఎండ పడాలెనట. దూరం నుంచి చూసిన. నువ్వు పండుకునే మూల మొత్తం ఎండ. అందరికీ సూదులు ఏసిన్రు. రెక్క వాచింది, మంట మంట. ఆ మంట నాకు మంచిగనే అనిపించింది.

పోలీసు పటేలు మున్షీని ఎంటబెట్టుకొని వచ్చిండు.

"ఏమే జానమ్మా, నీ ఇంట్ల ఎలుకలు సచ్చి పడ్డయా?"

"లేదు దొరా."

"పడలేదా? మరి నీ బిడ్డకు రోగం మొగులు మీదికెళ్లి రాలిందా?"

నేను తల ఒంచుకున్న. బిడ్డ పోయినదాన్నని పటేలు ఎక్కువ గుచ్చి అడుగలేదు. బయటి నుంచి ఎవరన్న వచ్చిన్రా అని అడిగిండు. జడ్చర్ల టేషన్ కాడ గోదాముల ఎలుకలు పడుతున్నయట. లచ్చయ్య బండి పండుగ ముందటి బేస్తారం నాడు ఆ గోదాము నుంచే పల్లికాయ సంచులు తెచ్చింది అని ఎవరో అన్నరు. మున్షీ రాసుకున్నడు.

జనవరి 7. శనారం

అన్న ఉత్తరం వచ్చింది, పేపరు కూడ. నెల దాటేదాక పల్లెలకు ఎవరినీ రానిస్తలేరట. అందుకే రాలేదు.

అన్న తను చేసే పని నీకు చెప్తే నువ్వు ఎగిరి నవ్వినవు గదా. అచ్చాఫీసుల పెద్ద చెక్కపెట్టె ఉంటదట, దాన్నిండ గూళ్లు, ఒక్కో గూట్ల ఒక్కో తీరు సీసపు అచ్చరం. దాన్ని కేసు అంటరట. అన్న పొద్దుందాక ఆ కేసు ముందట నిలబడి అచ్చరాలు ఏరి వార్తలు కూరుస్తడు. "కోర్టు కేసుల వార్త కూడ కేసుకెళ్లే తియ్యాలె" అంటే నువ్వు, "మరి నువ్వు ఏ కేసుల పడ్డవ్ అన్నా" అన్నవు.

ఉత్తరంల గిట్ల రాసిండు: "అమ్మా, అయ్యగారి జాబు నాకు ఒకటో తారీకు అందింది. కాని చెల్లె సంగతి నా చేతికి అంతకు రెండు దినాల ముందే వచ్చింది. నాకు తెలువలేదు. ఊరి పేరు లేదు, మనిషి పేరు లేదు. నేను అచ్చరాలు ఏరి పెట్టి, నూలుతోని కట్టి, అచ్చుమర మీదికి పంపి, పోయి బువ్వ తిన్న. అమ్మా, ఆ దినం నేను బువ్వ మంచిగ తిన్న."

పేపరు తెరిసిన. ఆ వార్త చుట్టూ వాడే గీత గీసిండు. కూడబలుక్కొని చదివిన.

"జడ్చర్ల సమీప గ్రామమునందు ప్లేగు కేసు ఒకటి తేలినది. మృతురాలు పదునాలుగేండ్ల బాలిక."

అంతే. నువ్వు అంతే. దాని కింద కొబ్బరినూనె బొమ్మ ఉన్నది.

జనవరి 8. ఐతారం

చేనుల ప్రార్థన. అయ్యగారు నీ మాట ఎత్తిండు. "క్రిస్మస్ నాడు మన రూతమ్మ దేవుని వాక్యం ఎంత చక్కగ చదివింది! ఆ పిల్ల మొఖం ఎట్ల ఎర్రగ మెరిసిపోయింది! అది దేవుని వెలుగు" అన్నడు. అందరు కండ్లు ఒత్తుకున్నరు.

ఆ ఎరుపు ఏందో నాకెరుక.

జనవరి 11. బుధారం

లచ్చయ్యను పట్కపోయిన్రు.

తింటున్నడు. ఇద్దరు జవాన్లు వచ్చి లెవ్వమన్నరు. "అన్నం ముందల్నుంచి లేపుతరా సాబ్, జర ఆగున్రి" అన్నడు. వాళ్లు ఆగిన్రు. మంచోళ్లే. లచ్చయ్య చేతులు కడుక్కొని గోపమ్మ దిక్కు జూసి, "గిది ఒట్టి పూసగింజంత ముచ్చట. నేను బండి తోలిన, ఎలుకలను తోలలేదు. ఎద్దులకు కుడితి పెట్టు" అని నవ్వుకుంట పోయిండు. పాలమూరు ఠాణ హవాలాతుల పెడతరట. గోదాము కాడ రోగమున్నది ఎరికుండి దాసి, సరుకు తెచ్చిండు అని.

గోపమ్మ ఏడ్వలేదు. ఎద్దులకు కుడితి పెట్టింది. తర్వాత నా పక్కకు వచ్చి కూసొని నా తల దువ్వింది. "అక్కా, నీ తల జడలు కడుతాంది. బిడ్డ చూస్తే ఊకుంటదా?" అన్నది.

జనవరి 12

ఆ దినం మన ఇంట్ల ఒక్కటే ఎలుక. జొన్నల గుమ్మి కింద. ఒక్క ఎలుక సస్తే పడ్డది అంటరా? పిల్లి కొరికి ఉంటది.

జనవరి 13

మనకు పిల్లి లేదు.

జనవరి 15. ఐతారం

మల్ల పేపరు వచ్చింది. ఒకే కాయితం మీద రెండు ఉన్నయి.

పైన: "ప్లేగు కేసులు నాలుగునకు పెరిగినవి. ఇందు రెండు ప్రాణాంతకములు."

కింద, వేరే గీతల నడుమ: "ప్లేగు సంగతి దాచి సరుకు తరలించినందులకు ఒక బండివానిపై కేసు నమోదైనది. విచారణ త్వరలో."

చానసేపు చూసిన. పైదాంట్ల నువ్వున్నవు, కిందిదాంట్ల లచ్చయ్య ఉన్నడు. అన్నకు మాత్రం రెండింటికీ అవే రెండచ్చరాలు, అవే రెండు గూళ్లు. పైన కేసు అంటే రోగం పట్టిన మనిషి. కింద కేసు అంటే మనిషి మీద పడ్డ నేరం. పై కేసుకు దోషం లేదు. కింది కేసుకు కూడ లేదు. ఇగ దోషం ఉన్నదల్ల పేపర్ల లేనిదాని కాడనే.

గోపమ్మ ఉరికొచ్చింది. ఈ గుడిసెలల్ల చదువొచ్చినదాన్ని నేనొక్కదాన్నే మిగిలిన.

"అక్కా, మా ఆయిన సంగతి పడ్డదట గదా. జర చదువు."

"పడ్డది."

"ఏమని?"

నేను కాయితం మీద వేలు పెట్టుకుంట, ఒక్కొక్క మాట చదివినట్టే చదివిన. "బండివాడు... అమాయకుడు... అని తేలినది. విడుదల... త్వరలో."

గోపమ్మ కాయితం మీద నా వేలు ఉన్నకాడ తన వేలు పెట్టి, "గీడనా? గిదేనా విడుదల?" అని అడిగింది. "ఆఁ, గిదే" అన్న. అది "నమోదైనది" అన్న మాట. ఆమె దాన్ని రెండుసార్లు తడిమి చూసుకున్నది.

మాపటిలికి నాకు కోడిగుడ్డు ఉడకబెట్టి తెచ్చింది. "మంచిమాట చెప్పినవు. తిను. బిడ్డ పోయిన సంది ఎముకలు తేలినయ్" అన్నది.

తిన్న.

జనవరి 17

పాపం చేసినదాన్ని గాదు నేను. ఆమె మనసు నిమ్మళం చేసిన. తప్పా?

జనవరి 19. బేస్తారం

ఒక్కటి గాదు, మూడు ఎలుకలు.

జనవరి 21. శనారం

వాగు చెలిమె కాడ లొల్లి అయింది. మైసమ్మ కోడలు పుల్లమ్మ, గోపమ్మ కుండ పెట్టబోతే కాలుతోని జరిపింది.

"నీ మొగడు బండికెత్తుకొచ్చిండు గీ రోగం. మా అత్తను మింగిండు. నీళ్లు గూడ ఎంగిలి చేస్తవా?"

"నా మొగడు సంచులు తెచ్చిండు. ఎత్తినోళ్లల్ల నీ మొగడు గూడ ఉన్నడు. గప్పుడు పల్లికాయలు తియ్యగున్నయా?"

"ఏందే నోరు! పోవే, రోగం బండోని పెండ్లాం!"

"అనవే, ఇంకింత అను. పేపర్ల పడ్డది, నా పెనిమిటి అమాయకుడు అని. అడుగు జానమ్మక్కను. సదివింది. నీ లెక్క గాలిమాటలు కాదు, అచ్చు పడ్డ మాట."

అందరు నా దిక్కు తిరిగిన్రు. పుల్లమ్మ గూడ కుండ దించి చూసింది. "నిజమేనా అక్కా?"

బుడ్డమ్మా, నేను తలూపిన.

పుల్లమ్మ గోపమ్మకు జాగ ఇచ్చింది. "పేపర్ల పడ్డదంటే ఏమంటం" అన్నది. గోపమ్మ కుండ నింపుకొని, నా కుండ గూడ తనే నింపింది.

జనవరి 24. మంగళారం

ఇయ్యాల రాస్త. ఎన్నిసార్లు ఒక్కటి, మూడు అని రాసి ఆపుతిని.

క్రిస్మస్ నాలుగు దినాలుందనంగ, బుధారం పొద్దున. లచ్చయ్య బండి బేస్తారం వచ్చింది. నాకు మంచిగ యాదున్నది. ఆ బుధారం బండి ఇంకా జడ్చర్లల్నే ఉన్నది.

నేను గుమ్మి కింద ఊడుస్తున్న. మొదటిది చీపురుకు తాకింది. మూతి కాడ నెత్తురు చుక్క. రెండోది గోడపొంటి తాగినోని లెక్క తూలుకుంట వచ్చి నా కాళ్ల ముందట్నే ఎల్లకిల పడ్డది. మూడోది ముందే సచ్చి ఉన్నది, వాసన.

నువ్వు పలక పట్టుకొని వాకిట్ల కూసొని పండుగనాటి పాఠం వల్లె వేస్తున్నవు. లోపలికి వచ్చి చూసినవు.

"అమ్మా! ఎలుకలు పడ్డయ్. పటేలుకు చెప్పాలె. ఇల్లు ఇడవాలె."

"నోరు మూస్కో."

"మొన్న బడిల గూడ చెప్పిన్రు అమ్మా..."

"ఈ నాలుగు దినాలు నోరు మూస్కో అంటున్న. పండుగ కానీ."

నాకు తెలువదా? నేను పుట్టిన సంది రెండుసార్లు ఊరు ఇడిసినం. ఎలుక పడంగనే చేతుల చాట ఆడనే పెట్టి బయట పడాలె. చేతితోని ముట్టొద్దు, పిడకలేసి ఉన్నకాడనే కాల్చాలె. మా అమ్మ చెప్పింది. మన దిక్కు ఏ చిన్న పోరడిని అడిగినా చెప్తడు.

ఎందుకు దాసిన? మాట బయటికి పోతే రోగం మాలపేటల పుట్టింది అంటరు, ఊరోళ్లు పనికి పిలువరు, బాయి కాడికి రానియ్యరు అని. అయ్యగారు అడిగితే గిదే చెప్దామనుకున్న. గిది అబద్ధం కాదు.

గిది నిజం గూడ కాదు. ఊరు ఇడిస్తే ప్రార్థన ఇల్లు తాళమేస్తరు. క్రిస్మస్ నాడు వాక్యం చదువుమని అయ్యగారు నిన్నే ఎంచిండు. మన ఇంట్ల ఆడిపిల్ల లేచి నిలబడి, అంత మంది ముందట, అచ్చు పడ్డ మాటలు గడగడ చదువుడు నేను చూడాలె. నా కండ్లతోని. నాలుగు దినాలు ఆగితే ఏమైతది అనుకున్న.

ఇంకా ఉన్నది. రాస్త.

"నాకు నడుము వంగుతలేదు, నువ్వు తియ్యి" అన్న.

నువ్వు తోకలు పట్టి తీసినవు. మూడు. "వట్టి దూది లెక్క ఉన్నయమ్మా" అన్నవు. కాల్చొద్దు, పొగ లేస్తే అడుగుతరు అన్న. తుమ్మకంప ఎనక మన్ను కప్పి వచ్చినవు. చేతులు కడుక్కోమని గూడ నేను అనలేదు. నువ్వే కడుక్కున్నవు.

క్రిస్మస్ నాడు తెల్లారంగ నీ ఒళ్లు కాలుతుండె. "అమ్మా, చదువన్నా, పండుకోన్నా?" అని అడిగినవు. "చదివినంక పండుకో" అన్న. చదివినవు. ఒక్క తప్పు పోలేదు. నేను ముందటి వరుసల కూసొని ఆ ఎర్ర మొఖం చూసి ఎంత మురిసిన.

పైన ఒకచోట "ఎవరో అన్నరు" అని రాసిన. లచ్చయ్య బండి సంగతి పటేలుకు చెప్పింది నేనే.

జనవరి 25

రాసినంక తేలిక అయితది అనుకున్న. కాలేదు.

జనవరి 27. శుక్రారం

పేపరు: "పది దినములుగా క్రొత్త కేసులు లేవు. పరిస్థితి సంతృప్తికరము."

మీ అన్న ఇస్రాయేలు కార్డు కూడ వచ్చింది. ఊరు తెరిసిన్రు, ఐతారం మధ్యాహ్నం రైలుకు వస్తున్న, చెల్లెను పెట్టినకాడికి తోలుకపో అని రాసిండు.

గోపమ్మ పాలమూరు నుంచి కబురు విని వచ్చింది. కచేరిల లచ్చయ్య పేషీ సోమారం. జైలు తప్పదు అన్నడట వకీలు గుమస్తా.

"అక్కా, మరి పేపర్ల విడుదల అని పడ్డది గదా?"

"పేపరోళ్లు ఒక్కోపారి తప్పు రాస్తరు" అన్న.

అన్నంక నా కొడుకు యాదికొచ్చిండు. వాడు తప్పు కూర్చిండని చెప్పిన. నా తప్పు ఇగ వాని మీదికి గూడ ఎక్కించిన.

జనవరి 28. శనారం

గోపమ్మ జొన్నలు ఇసురుతున్నది. ఎదురుంగ కూసున్న.

"గోపమ్మా, జర ఇసురుడు ఆపు."

"చెప్పు, ఇంటున్న. చేతులకు చెవులున్నయా?"

చెప్పిన. బుధారం ఎలుకలు, బేస్తారం బండి, పటేలు, పేపర్ల నేను చదివిన అబద్ధం. అన్ని. ఆమె చెయ్యి ఆగలేదు. పిండి అయిపోయినంక గూడ ఉత్త ఇసుర్రాయి తిప్పింది. రాయి మీద రాయి గరగర.

తిప్పుకుంటనే అన్నది, "నేను పెట్టిన గుడ్డు తిన్నవ్."

"తిన్న."

"మంచిగుండెనా?"



అడిగి, లేచి పొయ్యిల నిప్పులు పెంకుల ఎత్తుకొని తన గుడిసె అవతలి దిక్కు పోయింది. ఆడ మూడు రాళ్లు పెట్టుకున్నది. మా నడుమ పొయ్యి సల్లగ అయింది. నేను ఆడనే కూసున్న.

పొద్దు గూకంగ వచ్చి దూరం నిలబడ్డది. "సోమారం కచేరిల గీ మాట అంటవా? పటేలు ముందట, మున్షీ ముందట?"

"అంట."

"అప్పుడు తలూపినట్టు కాదు. నోటితోని."

"నోటితోని."

"అయితే పొద్దుగాల పాలమూరుకు నడుద్దాం. నేను ముందట నడుస్త. నాతోని మాట్లాడకు."

జనవరి 29. ఐతారం, తెల్లారినంక

ఇస్రాయేలూ,

ఈ బుక్కు నీ కోసం రాయలేదు బిడ్డా. చెల్లెకు రాసిన, నాకు రాసుకున్న. ఇప్పుడు నీ కోసం రొట్టెల గంప మీద పెట్టి పోతున్న. నువ్వు రైలు దిగి వచ్చేవరకు ఆగొచ్చు. కాని నీ మొఖం చూస్తే నా నోరు మల్ల మూతపడుతది. నా నోరు నాకెరుక. చెల్లెను పెట్టిన జాగ అయ్యగారు చూపిస్తడు. నీకు నా మీద కోపం వస్తే ఆమె కాడ కూసొని తిట్టు, ఇంటది.

రేపు మున్షీ నా మీద కేసు రాస్తడు కావొచ్చు. అది మీ పేపరుకు వస్తే నువ్వే కూర్చాలె. అవే రెండు గూళ్లు. ఒక్కటి అడుగుతున్న. చెల్లెను బాలిక అన్నరు. లచ్చయ్యను బండివాడు అన్నరు. నాకాడ ఒక స్త్రీ అని పెట్టనియ్యకు. మీ పెద్దసారును అడిగి జానమ్మ అని పెట్టు. జాగ ఉంటే రూతమ్మ తల్లి అని పెట్టు.

గోపమ్మ వాకిట్ల నిలబడ్డది, నాతోని మాట్లాడది గదా, రమ్మన్నట్టు దగ్గుతాంది. పోవాలె.

గంపల రెండు రొట్టెలున్నయి, ఉల్లిగడ్డ, మిరపకారం ఉన్నది. పిండి గోపమ్మది. "నీ కోసం కాదు, పిలగాడు ఎండల పడి వస్తడు" అని తనే తెచ్చి పెట్టింది. ఆ దినం బువ్వ మంచిగ తిన్న అని నువ్వు ఏడ్చినవు గదా, అందుల నీ తప్పు ఏం లేదు. గీ కాయితాలు చదివినంక నీకు ఆకలి కాదు, నాకు తెలుసు. అయినా కాళ్లు చేతులు కడుక్కొని, నీడకు కూసొని, మంచిగ తిను బిడ్డా.